నాన్న ఇచ్చిన వాచీ ఆగి ఆగి నడుస్తోంది, కొత్తది ఎప్పుడు కొనాలి?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇక్కడే ఒక ఆసుపత్రిలో, పిల్లల వార్డులో నర్సుగా చేస్తున్నాను. తొమ్మిదేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన రోజున మా నాన్న వాచీ కొని, తనే నా చేతికి కట్టారు. రెండేళ్లయింది ఆయన పోయి. ఈ ఏడాదిలో మూడుసార్లు సెల్ మార్పించాను. అయినా సెకన్ల ముల్లు ఒక్కోసారి ఉన్నచోటే వణుకుతూ ఉండిపోతుంది. వేలితో తడితే మళ్లీ కదులుతుంది. బాగుచేసే అబ్బాయి మెషీన్ పోయిందని, మారిస్తే 450 అవుతుందని, ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుందని అంటున్నాడు. మొన్న రథయాత్రకే కొందామనుకుంటే, దసరాకి ఆఫర్లు వస్తాయి ఆగమన్నారు మావారు. ఫోన్‌లో టైం ఉంది కదా అని కూడా అంటారు. మా ఆడపడుచు స్మార్ట్ వాచీ కొనుక్కోమంటోంది. నాకేమో ఇది తీసి పక్కన పెట్టడానికి చెయ్యి రావడం లేదు. అసలు కొత్త వాచీ ఎప్పుడు కొనాలి? రాతలో తప్పులుంటే మన్నించండి. నేను ఒడియా మీడియంలో చదివాను, తెలుగు నాన్నే ఇంట్లో నేర్పారు.
– ఒక నర్సు, పర్లాకిమిడి

సమాధానం:

అమ్మా, ముందు మీ తెలుగు సంగతి చెప్పనివ్వండి. తప్పులేవీ లేవు. మనం మాట్లాడుకునే తెలుగే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. ఆ ఊళ్లో ఒడియా బడికి వెళ్తూ, ఇంటికొచ్చి నాన్న దగ్గర అక్షరాలు దిద్దుకున్న అమ్మాయి ఇంత తేటగా రాసిందంటే ఆయన ఎంత ఓపికగా నేర్పారో తెలుస్తోంది. ఆ చేత్తోనే కట్టిన వాచీ కాబట్టే మీకు తియ్యబుద్ధి కావడం లేదు. అది నాకు అర్థమైంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో రెండు ప్రశ్నలు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. డ్యూటీలో ఏ వాచీ పెట్టుకోవాలన్నది ఒకటి. నాన్న వాచీని ఏం చెయ్యాలన్నది ఇంకొకటి. విడదీసి చూస్తే మొదటిదానికి జవాబు చెప్పడం తేలికే. ఈ వారమే కొనండి, దసరా దాకా ఆగకండి. రెండోదానికి తొందరేమీ లేదు, ఆ వాచీ ఎక్కడికీ పోదు.

మీరు ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగంలో ఉంటే నేనిలా చెప్పేవాణ్ణి కాదు. పది నిమిషాలు అటూ ఇటూ అయినా కొంపలు మునగవు, నిదానంగా చూసుకోండి అనేవాణ్ణి. కానీ మీకు వాచీ టైం చూసుకోవడానికి మాత్రమే కాదు, లెక్కపెట్టడానికి. మీకు తెలిసిన విషయమే, ఒక్కసారి కాగితం మీద పెట్టి చూద్దాం. దగ్గుతో వచ్చిన పిల్లవాడికి ఊపిరి ఎంత వేగంగా ఆడుతోందో నిండా ఒక నిమిషం చూసి లెక్కపెట్టాలి. రెండు నెలలు దాటి ఏడాది లోపు బిడ్డకి నిమిషానికి 50, అంతకు మించితే వేగంగా ఉన్నట్టు. ఏడాది నిండి ఐదేళ్ల లోపు పిల్లలకి ఆ గీత 40. ఏడాదిన్నర పిల్లవాడు నిమిషానికి 38 సార్లు ఊపిరి తీస్తున్నాడనుకోండి, గీతకి ఇవతలే ఉన్నాడు. మీ ముల్లు మధ్యలో ఐదు సెకన్లు వణికి ఆగి, మళ్లీ కదిలింది. మీరు లెక్కపెట్టింది 60 సెకన్లు కాదు, 65. లెక్క 41 వస్తుంది. బాగానే ఉన్న పిల్లవాడు కేసు షీటు మీద గీత దాటిపోయాడు.

నాడి సంగతీ అంతే. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, చేసిన తప్పు కూడా నాలుగింతలవుతుంది. 72 కొట్టుకుంటున్న నాడిని రెండు సెకన్లు ఎక్కువసేపు చూస్తే 80 అని రాస్తాం.

పూర్తిగా ఆగిపోయిన వాచీతో ఈ బాధ లేదు. చూడగానే ఆగిందని తెలుస్తుంది, పక్కామెని అడుగుతాం. ఆగి ఆగి నడిచే వాచీ అలా కాదు. నడుస్తున్నట్టే కనబడుతుంది, మనం నమ్ముతాం.

ఇది నా అనుభవంలో ఉన్న మాట కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. నేను పనిచేసిన ఒక బడిలో గోడ గడియారాలు ఉండేవి కావు. పరీక్షల గదిలో మేస్టారి చేతి వాచీయే పిల్లలకి దిక్కు. నా చేతికి మా నాన్న కట్టుకున్న కీ వాచీ ఉండేది. అప్పటికే అది రోజుకి నాలుగైదు నిమిషాలు వెనకబడుతోంది. పొద్దున రేడియోలో తెలుగు వార్తలు మొదలైనప్పుడు సరిచేసుకుంటే చాల్లే అని నెట్టుకొస్తున్నాను. ఒకరోజు సరిచెయ్యడం మర్చిపోయాను. గదిలో ఒకమ్మాయి చెయ్యెత్తి, "ఇంకా ఎంత టైం ఉంది సార్?" అంది. వాచీ చూసి, పది నిమిషాలుందమ్మా అన్నాను. ఐదు నిమిషాలకే గంట కొట్టారు. ఆ పిల్ల ఏడవలేదు, నన్ను ఏమీ అనలేదు. సగం వేసిన లెక్క వైపు చూసి, పెన్ను మూత పెట్టి, పేపరు నా చేతికి ఇచ్చింది. ఆ మూత పెట్టిన చప్పుడు నాకింకా గుర్తుంది. ఆ ఆదివారం బరంపురం వెళ్లి కొత్త వాచీ కొన్నాను. అది నెల ముందు చెయ్యాల్సిన పని. అప్పటిదాకా ఆ పాత వాచీని నేనెప్పుడూ సర్వీసింగుకి ఇవ్వలేదు కాబట్టి తప్పు వాచీది కాదు, నాది. నాన్నది కదా అని వదల్లేకపోయాను, ఆ ఖరీదు ఎవరో ఒక పిల్ల కట్టింది.

కాబట్టి కొత్త వాచీ ఎప్పుడు కొనాలని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే. టైం చూసుకున్నాక మళ్లీ ఫోన్‌లోనో, పక్కవాళ్ల చేతి వైపో చూస్తున్నారా? అలా చూడటం మొదలైందంటే కొనే రోజు వచ్చేసినట్టే. మీరు ముల్లుని వేలితో తడుతున్నానని రాశారు. ఆ రోజు మీకు వచ్చేసిందమ్మా.

ఇక దసరా ఆఫర్ల మాట. మీవారు డబ్బు జాగ్రత్తగా చూసుకునే మనిషి, మంచిదే. కానీ లెక్క వేసి చూపించండి. మీ పనికి వెయ్యి, పన్నెండు వందల వాచీ సరిపోతుంది. దసరాకి 20 శాతం తగ్గించారే అనుకోండి, 1,200 మీద మిగిలేది 240 రూపాయలు. దానికోసం ఇంకో రెండు మూడు నెలలు ఈ ముల్లుతో పిల్లల ఊపిరి లెక్కపెట్టాలి. అదే పది వేల వాచీ అయితే, అదీ ముచ్చట కోసం అయితే, పండగ దాకా ఆగమని నేనే చెప్తాను. మీ ఊళ్లో ఒడియా పండగలకీ తెలుగు పండగలకీ కూడా షాపులవాళ్లు బోర్డులు పెడతారు కాబట్టి ఆగడం కష్టం కూడా కాదు. సరిహద్దు దాటి ఆంధ్రలో ఉన్న పాతపట్నం వెళ్లి కొంటే చవకేమోనన్న ఆలోచనా అక్కర్లేదు. 2017లో జీఎస్టీ వచ్చాక వాచీ మీద పన్ను రాష్ట్రానికి ఒకలా లేదు. ఎక్కడ కొంటే రిపేరుకి నడిచి వెళ్లగలరో అక్కడే కొనండి. వారంటీ కార్డు మీద తేదీ, షాపు ముద్ర వేయించుకోండి.

ఫోన్‌లో టైం ఉంది కదా అనేది మీవారికి సరిపోతుంది, మీకు సరిపోదు. ఒక చెయ్యి బిడ్డ మణికట్టు మీద ఉంటుంది, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని లెక్కపెట్టడం కుదిరే పని కాదు. పైగా మంచాల మీదా బల్లల మీదా పెట్టిన ఫోన్‌ని పట్టుకుని అదే చేత్తో బిడ్డని ముట్టుకోవడం నాకు నచ్చదు. స్మార్ట్ వాచీ మీ ఆడపడుచు ప్రేమగా చెప్పిందే. కానీ అది గుండె కొట్టుకోవడం చూపిస్తుందంటే, పెట్టుకున్న మనిషిది చూపిస్తుంది, మంచం మీద ఉన్న బిడ్డది కాదు. చెయ్యి కదలకుండా ఉంచితే చాలావాటికి తెర ఆరిపోతుంది, మీకు చెయ్యి కదలకుండా ఉంచాల్సింది సరిగ్గా అప్పుడే. ఛార్జింగ్ మర్చిపోయి నైట్ డ్యూటీకి వెళ్తే ఇంకో టెన్షన్. దాని బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ నీరసిస్తుంది, మన ఊళ్లలో దాన్ని విప్పి కొత్తది వేసేవాళ్లు దొరకడం కష్టం. ఉదయం నడకకి కావాలంటే కొనుక్కోండి, వార్డుకి మాత్రం వద్దు.

మీకు కావలసింది ముళ్లున్న మామూలు సెల్ వాచీ. డయల్ తెల్లగా, అంకెలు నల్లగా, నిమిషాల గీతలు అరవైకి అరవై ఉన్నది. సెకన్ల ముల్లు ఎర్రగానో నల్లగానో ఉండి, ఆ గీతల దాకా పొడుగ్గా రావాలి. షాపులో గోడకున్న దీపాల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. వాచీ తీసుకుని గుమ్మం దాకా వచ్చి, చెయ్యి చాపి, సెకన్ల ముల్లు ఏ గీత మీద ఉందో చదవగలరేమో చూడండి. బంగారు రంగు డయల్ మీద బంగారు రంగు ముల్లు ఉన్నది ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యండి. రాత్రి వార్డులో లైట్లు తగ్గిస్తారు కాబట్టి చీకట్లో వెలిగే ముళ్లు, మనం రేడియం అంటామే, అవి ఉంటే మంచిదే. అంకెల వాచీలో సెకన్లు ఉంటాయి గానీ, ఎక్కడ మొదలుపెట్టామో మనసులో పెట్టుకోవాలి. ముల్లయితే పావు చక్రం తిరగడం కంటికే తెలుస్తుంది, మనసు ఊపిరి మీదే ఉంటుంది.

రోజుకి ఎన్నిసార్లు చేతులు కడుగుతారో మీకే తెలుసు. వెనక మూత మీద 30 మీటర్లు అని ఉంటే దానితో 30 మీటర్ల లోతుకి దిగొచ్చని కాదు. నాలుగు చుక్కలు చిందితే తట్టుకుంటుందని మాత్రమే. 50 అని ఉన్నది చూడండి. తోలు స్ట్రాపు వద్దు, సబ్బుకీ శానిటైజర్‌కీ చీకిపోయి వాసన వేస్తుంది. చైను అతుకుల్లో మురికి దాగుతుంది. సబ్బుతో తోమగలిగే రబ్బరు లాంటి స్ట్రాపు మీ పనికి మేలు.

ఇంకో దారి కూడా ఉంది, నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. యూనిఫారం మీద జేబు దగ్గర పిన్నుతో గుచ్చుకునే నర్సు వాచీ. దాని డయల్ తలకిందులుగా వేలాడుతుంది, మీరు తల వంచి చూస్తే మాత్రం నిటారుగా కనిపిస్తుంది. మణికట్టు మీద ఏమీ ఉండదు కాబట్టి చేతులు మోచేతుల దాకా కడుక్కోవచ్చు. మీ ఆసుపత్రిలో మణికట్టు మీద వాచీ పెట్టుకోవద్దనే నియమం ఉంటే ఇక ఆలోచించే పనే లేదు.

ఇప్పుడు నాన్నగారి వాచీ. దాన్ని పారెయ్యాల్సిన పని లేదు, చనిపోయిందని అనుకోవాల్సిన పనీ లేదు. ఏడాదిలో మూడు సెల్స్ తిన్నదంటే కారణం సెల్‌లో ఉండొచ్చు, మెషీన్‌లో ఉండొచ్చు. ముందు సెల్ సంగతి తేల్చుకోండి. ఒకే సైజులో రెండు రకాలు దొరుకుతాయి. దాని మీద అక్షరాలు ఎస్ఆర్ అని మొదలైతే సిల్వర్ ఆక్సైడ్, ఎల్ఆర్ అని మొదలైతే ఆల్కలైన్. సిల్వర్‌ది చివరి దాకా 1.55 వోల్టుల దగ్గరే నిలబడుతుంది, అయిపోయేటప్పుడు ఒక్కసారిగా పడుతుంది. ఆల్కలైన్ చవక, కానీ మొదటి నుంచీ కొద్దికొద్దిగా దిగిపోతూ ఉంటుంది, ముల్లు నీరసిస్తుంది. మీకు ఏది వేశారో అడగండి. ఎస్ఆర్ రకమే కొత్తది వేయించి, వెయ్యకముందు మీటరు పెట్టి వోల్టులు చూపించమనండి. మంచి పనివాడైతే ఏమీ అనుకోడు.

అలాగే, ముల్లు వణకడం వేరు, గెంతడం వేరు. కొన్ని వాచీల్లో సెల్ అయిపోవస్తుంటే సెకన్ల ముల్లు రెండేసి సెకన్లకి ఒకసారి గెంతుతుంది. అది సెల్ మార్చమని చెప్పే సైగ, టైం మాత్రం సరిగ్గానే ఉంటుంది. మీరు రాసినది వణుకు. లోపల పంటి చక్రం ముందుకు పోదామని చూసి పోలేకపోతోంది. తొమ్మిదేళ్లలో నూనె ఎండి ఉండొచ్చు, దుమ్ము పట్టి ఉండొచ్చు, ఎప్పుడో కారిన పాత సెల్ మచ్చ ఉండొచ్చు. గ్లాసు లోపలి వైపు ఎప్పుడైనా ఆవిరి పట్టిందా? పడితే తడి లోపలికి వెళ్లింది. సెల్ మార్చిన ప్రతిసారీ వెనక మూత కింద ఉండే సన్నటి రబ్బరు రింగు సరిగ్గా కూర్చోకపోతే అక్కడి నుంచే వెళ్తుంది.

కొత్త సెల్‌తో కూడా వణికితే ఆ అబ్బాయి చెప్పింది నిజమే, మెషీన్ మార్చాలి. కానీ "ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది" అన్నది మీకు వర్తించదు. ఆ 450తో మారేది డయల్ వెనకున్న మెషీన్ ఒక్కటే. నాన్న ఎంచుకున్న డయల్, కేసు, తొమ్మిదేళ్లుగా మీ చెయ్యి తగిలి అంచులు అరిగిన ఆ లోహం అలాగే ఉంటాయి. మార్చేముందు ఒక్కటి అడగండి, కొత్త మెషీన్‌కి పాత ముళ్లు సరిపోతాయా అని. ముళ్లు కూర్చునే ఇరుసు సైజు వేరైతే ముళ్లు కూడా మార్చేస్తారు. ఆయన కట్టిన రోజున మీరు చూసిన ముళ్లే ఉండాలనుకుంటే సరిపోయే మెషీన్ తెప్పించమనండి, నెల పట్టినా పట్టనివ్వండి. తీసిన పాత మెషీన్ కూడా అడిగి తెచ్చుకోండి. ఈ నెల రోజుల ఓపిక మీకు ఉండాలంటే డ్యూటీకి వేరే వాచీ ఉండాలి. అందుకే ముందు అది కొనమన్నాను.

ఇది చదివే మిగతావాళ్లలో ఎవరింట్లోనైనా నాన్నల నాటి కీ ఇచ్చే హెచ్‌ఎంటీ ఉంటే వాళ్లకొక మాట. 2016లో ప్రభుత్వం ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని నిర్ణయించింది. కొత్త విడిభాగాలు తయారుకావు, ఉన్నవాటితోనో, పాత వాచీల నుంచి తీసినవాటితోనో పని జరగాలి. ఆగిపోయాక చూద్దాం అనుకోకుండా, నడుస్తున్నప్పుడే విప్పి శుభ్రం చేయించి నూనె వేయించండి. అలాంటి వాచీలో చక్రం సెకనుకి ఐదుసార్లు కొట్టుకుంటుంది, గంటకి 18,000 సార్లు. ఎండిన నూనెతో అన్ని దెబ్బలు కొడితే ఇరుసులు అరిగిపోతాయి, అప్పుడు మార్చడానికి భాగం దొరకదు. మా నాన్న కీ వాచీ అదృష్టం, ఆ స్థితికి రాకముందే సర్వీసింగ్ చేయించాను. పండగ రోజుల్లో పెట్టుకుంటాను.

అమ్మా, మళ్లీ మీ దగ్గరికి. రిపేరు అయ్యేలోగా ఆ వాచీని పెట్టెలో పెట్టేస్తే సెల్ తీయించి పెట్టండి. అయిపోయిన సెల్ లోపలే ఉంటే కారి, ఉన్న మెషీన్‌ని కూడా తినేస్తుంది. రిపేరు అయ్యి వచ్చాక ఒక పరీక్ష పెట్టండి. సాయంత్రం ఏడు గంటలకి ఫోన్‌లో టైం చూసి, సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే పక్కనుండే, టైం తిప్పే కీ బయటికి లాగి, ముళ్లని రాబోయే నిమిషానికి తిప్పి పెట్టి, ఫోన్‌లో ఆ నిమిషం రాగానే లోపలికి నొక్కండి. క్యాలెండర్‌లో ఆ తేదీ మీద చుక్క పెట్టండి. వారం తర్వాత అదే ఏడు గంటలకి చూడండి. మామూలు సెల్ మెషీన్ నెలకి 20 సెకన్ల దాకా అటూ ఇటూ అవుతుంది, అంటే వారానికి ఐదు. అంతలోపు ఉంటే మెషీన్ మంచిదే పడింది. నిమిషాల్లో తేడా ఉంటే అప్పుడే వెనక్కి తీసుకెళ్లండి, 450 ఇచ్చారు కాబట్టి అడిగే హక్కు మీకుంది.

ఎన్ని సెకన్ల తేడా వచ్చిందో నాకొక ముక్క రాయండి.